లిస్టులో లేని పేరు

నాంపల్లి,
ఏప్రిల్ 26.

నా చిట్టి జెర్లిన్‌కు,

మన ఇంట్లో ఏ ఉత్తరమైనా ప్రభువు నామంతో మొదలుపెట్టాలని మీ మమ్మీ నియమం. ఈ ఉత్తరంలో నేను ఒప్పుకోబోయేది ఏళ్ళ తరబడి ఆడిన అబద్ధం. ఆయన పేరు పైన పెట్టడానికి ధైర్యం చాలక చివరికి వాయిదా వేశాను. మమ్మీ ఉంటే దీనికి కూడా తిట్టేది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. మీ చిన్నమ్మ ఎత్తి, "జెర్లిన్ పండుకుంది బావా" అంటుంది. పొద్దున తొమ్మిదికీ పండుకున్నావు, సాయంత్రం ఆరుకీ పండుకున్నావు. నిన్న ఆమెకే విసుగొచ్చినట్టుంది. "జర టైం ఇయ్యు బావా. గిట్ల దినాం ఫోన్ చేస్తే పోరి ఇంకింత మొండికేస్తది" అంది. అందుకే ఈ ఉత్తరం. అన్నం తినే టైములో అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. ఇరవై ఆరేళ్ళుగా దాని పక్కనుంచే నడుస్తున్నాను, లోపలికి పోయి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు.

సోమవారం పని నుంచి వచ్చేసరికి మన గది తలుపు దగ్గర గోనె సంచి ఉంది. అందులో నీ ఐదు కప్పులు. పైన నోటుబుక్కు కాగితం మీద, "వీటి మీద నా పేరు తీసేయి. చిన్నమ్మ దగ్గరికి పోతున్నా" అని రాసి ఉంది. లోపల మంచం మీద, ట్రంకు పెట్టెలో నేను దాచిన నీ చిన్నప్పటి రఫ్ కాగితాలన్నీ పరిచి ఉన్నాయి. నువ్వు బొమ్మలు గీసిన వైపు, కూడికలు చేసిన వైపు కాదు. రెండో వైపు. ఆ వైపున్నవి బడుల బహుమతుల లిస్టులు. అంటే నీకు తెలిసిపోయింది. ఇక నా నోటితో నేను చెప్పడమే మిగిలింది.

నా పని గురించి నీకు చెప్పాల్సిన అవసరం లేదు కానీ, అది చెప్పకుండా నా తప్పు చెప్పలేను. శ్యామ్‌సుందర్ సాబ్ దుకాణంలో కప్పులు, షీల్డుల మీద పేర్లు చెక్కడం నా పని. చలికాలం వచ్చిందంటే బడుల వార్షికోత్సవాలు. ఒక్కో బడి నుంచి ఒక్కో లిస్టు వస్తుంది, పరుగుపందెం మొదటి బహుమతి ఫలానా, పాటల పోటీ రెండో బహుమతి ఫలానా అని. ఎవరు గెలిచారో ఆ పిల్లల కంటే, వాళ్ళ తల్లిదండ్రుల కంటే ముందు నాకే తెలుస్తుంది. అదొక గొప్పగా ఉండేది నాకు. పని అయ్యాక ఆ లిస్టులు చెత్తలోకి పోతాయి. ఒక వైపు తెల్లగా ఉన్న కాగితం పారేయడం ఎందుకని నీకు రఫ్ చేసుకోవడానికి తెచ్చేవాణ్ణి. దొంగ తన దొంగతనాన్ని కట్ట కట్టి ఇంటికి తెచ్చి కూతురి చేతికిచ్చాడు. నా తెలివి అంతే.

మమ్మీ డిసెంబరులో పోయింది. నువ్వు నాలుగో తరగతి. ఫిబ్రవరిలో మీ బడిలో బైబిలు కంఠస్థ వాక్యాల పోటీ. నువ్వు చెప్పాల్సిన కీర్తన మొత్తం మమ్మీ నేర్పిందే. దవాఖానలో పడుకుని కూడా నీతో చెప్పించేది. పోటీ రోజు నువ్వు సగం వరకు బాగానే చెప్పావు. తర్వాత ఆగిపోయావు. జనంలోకి చూశావు. ఎవరి కోసం చూశావో నాకు తెలుసు. నేను చేయి ఊపాను కానీ నీ కళ్ళు నా మీద ఆగలేదు. టీచరు వచ్చి నిన్ను చేయి పట్టుకుని దింపింది.

రెండు రోజులకు మీ బడి లిస్టు నా బల్ల మీదికి వచ్చింది. మూడుసార్లు చదివాను. నీ పేరు లేదు, ఉండదని తెలిసే చదివాను. దుకాణంలో సొట్ట పడిన చిన్న కప్పు ఒకటి మూల పడి ఉంది. సొట్ట తీశాను, మెరుగు పెట్టాను, 'ప్రత్యేక బహుమతి, జె. జెర్లిన్, నాలుగవ తరగతి' అని చెక్కాను. మీ బడి కప్పుల పెట్టెలో మిగతావాటి మధ్యన పెట్టి పంపాను. స్టేజీ మీద పీటీ ఎర్నెస్ట్ సారు కప్పు తీస్తాడు, మీద ఉన్న పేరు పిలుస్తాడు, అంతే కదా. నీ పేరు పిలిచాడు. మమ్మీ కుట్టిన గౌను వేసుకుని మెట్లెక్కావు. అందరికంటే వెనక వరుసలో ఉన్న నేను అందరికంటే ముందు లేచి నిలబడ్డాను.

చాలా ఏళ్ళకు చర్చి బయట ఎర్నెస్ట్ సారును అడిగాను, మీకు అనుమానం రాలేదా అని. "ఎందుకు రాలే జయరాజ్. లిస్టుల లేదు, కప్పు మీద ఉంది. తల్లి లేని పిల్ల ముంగట లిస్టు తీసి చూడాల్నా?" అన్నాడు. ఆయన మంచితనం కూడా నా తప్పుకు తోడైంది.

ఒక్కసారితో ఆపి ఉంటే బాగుండేది. మరుసటి ఏడు 'చక్కని చేతిరాత'. ఆ తర్వాత 'శుభ్రత'. కరోనా ఏడు బడి లేదు కాబట్టి నేనూ అబద్ధం ఆడలేదు. ఎనిమిదిలో ఏం రాయాలో తోచక 'క్రమశిక్షణ' అన్నాను, తొమ్మిదిలో ఇంకా బరితెగించి 'సర్వతోముఖ ప్రతిభ' అని చెక్కాను. చెక్కుతుంటే నాకే నవ్వొచ్చింది. పదో తరగతి వాళ్ళకు పోటీలు పెట్టలేదు కాబట్టి అక్కడితో ఆగింది. కానీ రాను రాను ఒక వింత జరిగింది. నేను చెక్కినది నేనే నమ్మడం మొదలుపెట్టాను. నా బిడ్డకు రానిది లేదు అని చర్చిలో అందరికీ చెప్పేవాణ్ణి. ఆ నమ్మకంతోనే తెలుగు మీడియంలో చదివిన నిన్ను ఇంగ్లీషు మీడియం ఎంపీసీలో చేర్పించాను. నీకు భయంగా ఉందని నువ్వు ఒకసారి అన్నావు. నేను కప్పుల వైపు చూపించాను.

ఇంటర్ ఫలితాల రోజు నువ్వు లెక్కల్లో తప్పావని చెప్పినప్పుడు నేనన్న మాట నాకు గుర్తుంది. "నా బిడ్డ ఫెయిల్ కాదు, పేపరు దిద్దినోడు ఫెయిల్" అన్నాను. కాసేపటికి నువ్వు గిన్నెలు కడగడానికి నా టిఫిన్ సంచి తీశావు. అందులో ఆరో కప్పు ఉంది, 'ఇంటర్ మొదటి సంవత్సరం, ప్రథమ శ్రేణి' అని. ఫలితాలు రాకముందే చెక్కి ఉంచాను. నువ్వు దాన్ని చూసి, బల్ల మీద పెట్టి గిన్నెలు కడిగావు.

సప్లిమెంటరీ ఫీజు మే ఆరో తారీకు వరకు ఉంది. నేను కట్టలేదు. నీకు తెలియకుండా నీ పేరు ఇక ఎక్కడా పెట్టను, ఆ ఫారం మీద కూడా. నువ్వు చెబితేనే కడతాను. చెప్పకపోతే రెండో ఏడు చదువు కూడా నిలిచిపోతుందేమోనని భయం ఉంది. అయినా నువ్వే చెప్పాలి.

ప్రభువు నీకు తోడుగా ఉండుగాక. నాకు కూడా కొంచెం.

నీ డాడీ,
జయరాజ్


మెదక్,
ఏప్రిల్ 30.

డాడీకి,

ఉత్తరం అందింది. చిన్నమ్మ పక్కన కూర్చుని చదివించింది.

ఫీజు కట్టవద్దు. నేను రాయను, చదవను. చిన్నమ్మ కుట్టు మిషన్ నేర్పిస్తానంది. బ్లౌజు ఒంటికి సరిపోతే సరిపోతుంది, లేకపోతే లేదు. దాంట్లో మోసం ఉండదు.

నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఒక లెక్కల పేపర్లో పదకొండు, రెండోదాంట్లో తొమ్మిది వచ్చాయి. డెబ్బై ఐదుకు. ఆ రోజు మెమో నా చేతిలోనే ఉంది. నువ్వు చూడకుండానే పేపరు దిద్దినవాళ్ళను తిట్టావు. అంత పెద్ద ఉత్తరం రాశావు, అందులో కూడా నా మార్కులెన్నో అడగలేదు.

కాలేజీలో జూన్ నుంచే నాకు ఏమీ అర్థం కాలేదు. పక్కన కూర్చునే మృదుల అర్థం కానప్పుడల్లా చేయెత్తి అడిగేది. క్లాసంతా నవ్వినా అడిగేది. నేను ఒక్కసారి కూడా అడగలేదు. మన బడి పిల్లలు నలుగురు ఆ క్లాసులోనే ఉన్నారు. వాళ్ళకు నేను ఐదు కప్పుల జెర్లిన్‌ను. సర్వతోముఖ ప్రతిభ ఉన్న పిల్ల లేచి నిలబడి 'సార్, నాకిది మొదటి నుంచీ తెలియదు' అని ఎట్లా అంటుంది? అడగకుండా కూర్చుంటే కనీసం ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. మార్చి దాకా ఎవరికీ తెలియలేదు.

ఒక్కటి అడుగుతాను. నీకు ఎప్పుడైనా ఏదైనా రాకుండా పోయిందా డాడీ? నువ్వు తప్పిన సంగతి, నీ చేతిలో చెడిపోయిన సంగతి ఒక్కటి కూడా నాకు తెలియదు. అందుకే మన ఇంట్లో ఓడిపోయింది నేనొక్కదాన్నే అనిపిస్తుంది. జవాబు ఉంటే రాయి. లేకపోతే ఫర్వాలేదు.

జెర్లిన్


నాంపల్లి,
మే 2.

నా జెర్లిన్‌కు,

నీ ఉత్తరం దుకాణం అడ్రసుకు వచ్చింది. కప్పుల డబ్బాలు సర్దే చోట కూర్చుని చదివాను. పదకొండు, తొమ్మిది. ఇప్పుడు చదివాను, ఇప్పుడు తెలుసుకున్నాను. ఫలితాల రోజు అడగాల్సిన మాటను అడగనందుకు తల వంచుకుంటున్నాను.

డబ్బాలు సర్దే చోట ఎందుకు కూర్చున్నావు, నీ బల్ల ఏమైంది అని నువ్వు అడుగుతావు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా బల్ల లేదు. దీపావళి తర్వాత తీసేశారు. నా కుడిచెయ్యి వణకడం ఏడాదిన్నర నుంచి ఉంది. అన్నం కలిపేటప్పుడు కనబడదు, సన్న ఉలి పట్టుకుంటే కనబడుతుంది. ఒక కాలేజీ షీల్డు మీద పేరు మధ్యలో ఉలి జారింది. ఇత్తడి మీద గీత పడితే రబ్బరుతో చెరిపేది కాదు. వెనక నుంచి సుత్తితో కొట్టి, పైన సాన పెట్టి, మళ్ళీ చెక్కాలి. ఎంత బాగా చేసినా వేలితో తడిమితే అక్కడ పల్లం తెలుస్తుంది. ఆ నెలలో అట్లాంటివి నాలుగు జరిగాయి. శ్యామ్‌సుందర్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ఒక్క మాట గట్టిగా అనలేదు, అదే నాకు కష్టమైంది. "జయరాజ్, నీ చెయ్యి ఇంక గాడ ఆగుతలేదు. ఫికర్ చెయ్యకు. మావోడు మిషిన్ తెస్తుండు. అది నేర్చుకో. అందాక డబ్బాలు చూస్కో" అన్నాడు. ఆయన కొడుకు ఆకాష్ లేజర్ మిషన్ తెచ్చాడు. కంప్యూటర్లో పేరు కొట్టి మీట నొక్కితే క్షణంలో చెక్కేస్తుంది.

ఆ రోజు నుంచి నేను కప్పులకు రిబ్బన్లు కడుతున్నాను. నీకు మాత్రం పొద్దున్నే ఉలి సంచి భుజాన వేసుకుని బయలుదేరినట్టు కనబడ్డాను. ఆ సంచిలో ఉలులు లేవు, టిఫిన్ డబ్బా ఒక్కటే. నీ ఆరో కప్పు ఎట్లా చెక్కావని అడుగుతావేమో. అందరూ ఇంటికి పోయాక, ఎడమచేత్తో కుడిచేతిని అదిమి పట్టుకుని చెక్కాను. నాకింకా చేతనవుతుందని నిరూపించుకోవడానికి కూడా నీ పేరే వాడుకున్నాను.

ఇంకొకటి దీనికంటే పాతది. నేను పదో తరగతితో చదువు ఆపింది ఇంటి పరిస్థితి బాగాలేక అని నీకు చెప్పాను, మీ మమ్మీకి కూడా అదే చెప్పాను. అది అబద్ధం. నేను లెక్కల్లో తప్పాను. పద్దెనిమిది మార్కులు. మా నాయన చర్చిలో అందరికీ, "పిల్లగాడు పని నేర్చుకుంటనన్నడు" అని చెప్పాడు. మా ఇంట్లో ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను బేగంబజార్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టడానికి చేరాను. తప్పినందుకు చదువు ఆగిందని ఇన్నేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, తప్పలేదని చెప్పుకున్నందుకు ఆగింది. తప్పనివాడు మళ్ళీ పరీక్ష ఎందుకు రాస్తాడు? మా నాయన నా మీద ప్రేమతోనే ఆ మాట అన్నాడు. నేను కూడా నీ మీద అదే ప్రేమ చూపించాను. మా ఇంట్లో వారసత్వంగా వచ్చింది ఇదొక్కటే.

ఇప్పటి సంగతి. మిషన్ నాకు రావడం లేదు. జనవరి నుంచి మే వరకు, నాలుగు నెలలు. ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది, నేను ఏదో నొక్కుతాను, పేరు తలకిందులుగా వస్తుంది, లేదంటే సగం కప్పుకు అతికించే ఇత్తడి ప్లేటు మీద, సగం కింద చెక్క మీద పడుతుంది. కంప్యూటర్ దగ్గర పనిచేసే సంహిత అనే అమ్మాయి నేర్పిస్తుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మొదట్లో ఆమె ముందు చెడగొట్టాలంటే ప్రాణం పోయేది. చెడిన ప్లేట్లు జేబులో వేసుకుని వచ్చి మోజంజాహీ మార్కెట్ దగ్గర చెత్తకుండీలో పడేసేవాణ్ణి. ఒకరోజు పట్టుకుంది. "గట్ల పారేస్తే రేపు మళ్ల అదే తప్పు చేస్తరు అంకుల్. వెనకాల మార్కర్‌తోని రాయండి, ఏం తప్పయిందో. డబ్బాల వేయండి" అంది. నాకు కోపమొచ్చింది. నా కింద పని నేర్చుకోవాల్సిన వయసు పిల్ల నాకు చెబుతుందా అని. "నాకు రాదమ్మా ఇది" అన్నాను. "మీరు ఉలి పట్టిన మొదటి నెలల వచ్చిందా?" అంది. మరునాటి నుంచి చెడిన ప్లేటల్లా డబ్బాలో వేశాను. ఆ అమ్మాయికి పాలిటెక్నిక్‌లో ఐదు సబ్జెక్టులు మిగిలిపోయాయట. ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయింది. ఈ మాట వాన వస్తుంది అన్నంత మామూలుగా చెప్పింది. అట్లా చెప్పగలగడం నా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.

ఇప్పుడు నా డబ్బాలో అరవై మూడు ప్లేట్లున్నాయి. మొదటి ఇరవై ఒకే తప్పు. తర్వాతివి వేరే వేరే తప్పులు. సంహిత దాన్నే ముందుకు పోవడం అంటుంది. మంచిది ఇంకా ఒక్కటి రాలేదు. వర్షాకాలం లోపల నేర్చుకోకపోతే శ్యామ్‌సుందర్ సాబ్ మాత్రం ఎన్నాళ్ళు జీతమిస్తాడు. ఆ భయం నీకు చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

నిన్నటి ప్లేటు ఈ కవర్లో పెట్టాను. దాని మీద నీ పేరు పెట్టలేదు. నా పేరే పెట్టాను. ఇన్నేళ్ళలో ఎవరెవరి పేర్లో చెక్కాను కానీ నా పేరు ఎక్కడా చెక్కుకోలేదు. చూడు, 'జయరా' వరకే వచ్చింది, చివరి అక్షరానికి చోటు లేదు. వెనక ఏం తప్పయిందో రాశాను.

నువ్వు చెప్పినట్టు నీ పేరు నాలుగు కప్పుల మీద తీసేశాను. తీసేటప్పుడు నా చెయ్యి వణకలేదు. అది ఎందుకో నాకు తెలియదు, ఏడుపు మాత్రం వచ్చింది. మొదటిది మిగిలింది, మమ్మీ పోయిన ఏటిది. దాని మీదికి చెయ్యి పోవడం లేదు. నువ్వు మళ్ళీ చెబితే తీస్తాను.

ఫీజు సంగతి నేను అడగను. కుట్టు మిషనే నేర్చుకుంటానంటే నేర్చుకో. మొదటి బ్లౌజు చెడిపోతుంది. అది చెడిపోయినప్పుడు నాకు చెప్పు. అంతే అడుగుతున్నాను.

నీ డాడీ,
జయరాజ్


మెదక్,
జూన్ 18.

డాడీ,

నెలన్నర అయింది నేను నీకు ఉత్తరం రాసి. మే ఆరో తారీకు పొద్దున ఫోన్ చేసి "కట్టు" అని పెట్టేశాను. నువ్వు ఎందుకు, ఏమిటి అని అడగకుండా "సరే బిడ్డా" అన్నావు. తర్వాత చిన్నమ్మతో వచ్చి చాదర్‌ఘాట్‌లో వాళ్ళ ఆడబిడ్డ ఇంట్లో ఉండి పరీక్షలు రాశాను. సెంటర్ దగ్గరికి రావద్దని నీకు చెప్పించాను. నువ్వు వచ్చావు. బషీర్‌బాగ్‌లో చెరుకురసం బండి వెనక నిలబడ్డావు, రెండు రోజులూ. నీ ఉలి సంచి బండి పక్క నుంచి కనబడుతూనే ఉంది. దాక్కోవడం కూడా నీకు రాదు డాడీ. నేను చూసినట్టు చెప్పలేదు, ఎందుకంటే చూశాక కొంచెం ధైర్యమొచ్చింది, అది నీకు తెలియడం అప్పుడు ఇష్టం లేకపోయింది.

నువ్వు పంపిన ప్లేటును స్కేలుగా వాడుకున్నాను. వెనక నువ్వు రాసింది రోజూ చదివేదాన్ని. 'పేరు పొడవు చూసుకోకుండా మొదలుపెట్టాను.' నేను కూడా అట్లాగే చేశాను. తప్పయిన లెక్క ప్రతిదాని వెనక ఎందుకు తప్పయిందో రాశాను. మొదటి వారమంతా ఒకే మాట రాశాను, 'తొమ్మిదో తరగతి పాఠమే నాకు రాదు' అని. చిన్నమ్మ వాళ్ళ వాడలో ప్రణవి అక్క తొమ్మిదో తరగతికి ట్యూషన్ చెబుతుంది. ఆ చిన్నపిల్లల మధ్యన పోయి కూర్చున్నాను. మొదటి రోజు ఒక బుడ్డది, "అక్కా, గింత పెద్దగున్నవు, నీకిది రాదా?" అని అడిగింది. "రాదు" అన్నాను. నేను ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి. అన్నాక ఏమీ కాలేదు. ఆ పిల్ల జరిగి నాకు చోటిచ్చింది.

ఫలితాలు నిన్న వచ్చాయి. ఒక పేపరు పాసయ్యాను, ముప్పై ఒకటి. రెండోది తప్పాను. ఇరవై రెండు. ఇరవై ఆరు రావాలి. నాలుగు మార్కులు తక్కువ. నిన్నంతా ఏడ్చాను, అన్నం తినలేదు. ఇంత చదివినా తప్పానే అని నా మీద నాకే జాలి. ఇది తమాషాగా రాసేది కాదు, నిజంగా చాలా కష్టంగా ఉంది. కానీ తొమ్మిది నుంచి ఇరవై రెండు ఎట్లా వచ్చాయో నాకు తెలుసు. మిగతా నాలుగు ఎక్కడ పోయాయో కూడా తెలుసు. రెండో సంవత్సరంలో చేరవచ్చట. ఈ పేపరు మార్చిలో మళ్ళీ రాస్తాను.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. నువ్వు బయటపెట్టావు కాబట్టి నేనూ బయటపెడతాను.

లిస్టుల సంగతి నాకు మొన్న తెలియలేదు డాడీ. ఆరో తరగతిలో తెలిసింది. నువ్వు తెచ్చిన కాగితం మీద లెక్కలు చేసుకుంటూ తిరగేశాను. మా బడి పేరుంది. చేతిరాత మొదటి బహుమతి ప్రణయ్ అని ఉంది. నా పేరు లేదు. మా పిల్లలందరి పేర్లు చదివాను, మళ్ళీ చదివాను. తర్వాత దాన్ని మళ్ళీ తిప్పి, లెక్క పూర్తి చేశాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

చివరి మూడు కప్పులూ తెలిసే తీసుకున్నాను. ఎందుకు చెప్పలేదంటావా? మమ్మీ పోయాక నువ్వు ఇంట్లో నవ్వేవాడివి కాదు. సాయంత్రం వచ్చి, వండి, నాకు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. ఏడాదికి ఒక్క రోజు, నా పేరు పిలిచినప్పుడు, వెనక వరుసలో అందరికంటే ముందు నువ్వు లేచి నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వేవాడివి. అవి నీ కప్పులు డాడీ. నీకు రావాల్సిన బహుమతులు. నేను స్టేజీ ఎక్కి నీ తరఫున తెచ్చాను. ఎక్కేటప్పుడు భయమేసేది, ఎవరైనా లిస్టు తీసి చూస్తారేమోనని. మూడేళ్ళు అట్లాగే ఎక్కాను.

సంచిలో వేసింది కప్పులు దొంగవని కాదు. ఆ రోజు నువ్వు "నా బిడ్డ ఫెయిల్ కాదు" అన్నావు. ఫెయిలైన మెమో పట్టుకుని నీ ముందు నిలబడి ఉన్నాను నేను. మరి ఆ నిలబడినది ఎవరు? తప్పిన పిల్ల నీ బిడ్డ కాదేమో, కప్పుల మీద ఉన్న పిల్లే నీ బిడ్డేమో అనిపించింది. అందుకే ఆ పేరు తీసేయమన్నాను. నేను వేరే, ఆమె వేరే అని నీకు తెలియాలని కాగితాలు పరిచి పోయాను.

మొదటి కప్పు మీద పేరు తీయవద్దు. దాన్ని నేను నిజంగా నమ్మాను. రెండేళ్ళు రాత్రి పక్కలో పెట్టుకుని పడుకున్నాను. అది ఉండనీ.

శనివారం వస్తున్నాను. మెట్రోలో నాంపల్లిలో దిగేసరికి పన్నెండవుతుంది. నువ్వు స్టేషన్ మెట్ల కింద అరుగు మీద కూర్చో. చేతిలో ఏమీ తేవద్దు, స్వీటు కూడా వద్దు, ఉత్త చేతులతో రా. నా చేతిలో మెమో ఉంటుంది. నెట్ సెంటర్లో తీయించాను, ఫెయిల్ అని స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళకు ఒక లిస్టులో నా పేరు నిజంగా ఉంది డాడీ. దాన్ని పట్టుకుని మెట్లు దిగుతాను. నేను కనబడగానే, అప్పటిలాగే, అందరికంటే ముందు లేచి నిలబడు.

నీ బిడ్డ,
జెర్లిన్